ఫియట్ పట్టాభిషేకం

హైదరాబాదులో కొత్తగా ఒక శుభకార్యం పుట్టింది. అన్నప్రాసన, ఉపనయనం, హాఫ్ శారీ ఫంక్షన్, గృహప్రవేశం వరసలో ఇప్పుడు తాతగారి కారును మనవడికి అప్పగించే మహోత్సవం చేరింది. వాట్సాప్‌లో కార్డు వస్తుంది. పైన వినాయకుడు, వినాయకుడి కింద కారు, కారు కింద ముహూర్తం. బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి బండిని ఆశీర్వదించాలట.

మొన్న పద్మారావునగర్‌లో ఇలాంటి వేడుకొకటి జరిగితే వెళ్లాను. భోజనాలు బాగుంటాయని చెప్పారు. కారు 1970లో కొన్న ఫియట్ 1100. తర్వాత్తర్వాత ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకున్న బండి అదే. 1089 సీసీ ఇంజను, ముందు కూడా బెంచీ సీటు, స్టీరింగ్ పక్కనే గేరు. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ కారు చేతికి రాని రోజుల్లో తాతగారు కొన్నారు. ఆయనకు ఇంకో బండి ఎక్కడం ఇష్టం లేదు. చివరికి డయాలసిస్‌కు కూడా అందులోనే వెళ్లారు. ఆయన పోయి ఏడాది దాటింది.

పట్టాభిషిక్తుడు డాలస్ నుంచి వచ్చాడు. తిరుపతికి కొన్ని రోజులు, షాపింగ్‌కు కొన్ని రోజులు పోగా వారసత్వానికి ఒక పూట మిగిలింది.

ముందుగా అతని తండ్రి, అంటే తాతగారి పెద్దకొడుకు, మైకు అందుకున్నారు. నిజాం నవాబుల తర్వాత ఈ ఊళ్లో కారును తరం నుంచి తరానికి ఇంత గౌరవంగా అందించుకున్న కుటుంబం తమదేనన్నారు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ ఆయన ఉద్దేశం. దాన్ని ఆర్డరిచ్చిన ఆరో నిజాం 1911లోనే కన్నుమూశారు. బండి కొడుక్కి దక్కింది. పోలిక బాగానే ఉంది. నిజాం గారింట్లోనూ కారు కొడుక్కే వెళ్లింది, పెద్దగా నడవకుండా నిలబడే ఉంది. కాకపోతే ఆ కొడుకు బండి తాను ఉంచుకుని, ఆయిల్ మార్పించమని చెల్లెలికి ఫోన్ చేసినట్టు చరిత్రలో ఎక్కడా లేదు.

ముహూర్తం 11 గంటల 24 నిమిషాలకు. పన్నెండు దాటితే వర్జ్యం. కొబ్బరికాయ కొట్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. డ్రోన్ లేచింది. మనవడు వెండి పళ్లెంలోంచి తాళం తీసుకుని, సీట్లో కూర్చుని, పక్కన చెయ్యి పెట్టి గేరు కోసం తడిమాడు. అక్కడ సీటు తప్ప ఏమీ లేదు. "డాడీ, గేరు లేదు" అన్నాడు. ఎవరైనా విప్పుకుపోయారేమోనని ఒక పెద్దాయన అనుమానపడ్డారు. స్టీరింగ్ దగ్గర చూపిస్తే, అది వైపరనుకున్నానన్నాడు అబ్బాయి.

సెల్ఫ్ కొట్టాడు. బండి మూలిగింది. మళ్లీ కొట్టాడు.

"చోక్ లాగు నాన్నా, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి వదిలి అప్పుడు కొట్టు" అంది వరండాలోంచి అబ్బాయి మేనత్త, అంటే తాతగారి కూతురు.

"నువ్వుండమ్మా, వాడు ఇంజనీరు" అన్నారు అన్నగారు.

ఇంజనీరే, కాదనను. క్లౌడ్ ఇంజనీరు. మబ్బుల్లో కార్బ్యురేటర్లుండవు.

ఈలోగా బ్యాటరీ డౌనయింది. తోద్దామన్నారు. పట్టుపంచెలు ఎగగట్టి బావగార్లు, బాబాయిలు, చివరికి పురోహితుడు కూడా వెనక చేరారు. సెకండ్ గేరులో వేసి, క్లచ్ తొక్కి పట్టి, బండి ఊపందుకున్నాక వదలాలని తెలిసినవాళ్లకు తెలుసు. మనవడు రెండడుగులు కదలగానే వదిలేశాడు. బండి ఠక్కున ఆగింది. తోస్తున్నవాళ్లంతా డిక్కీ మీద సాష్టాంగపడ్డారు. "సార్, ఫోకస్ పోయింది, ఇంకోసారి" అన్నాడు డ్రోన్ అబ్బాయి. ఇంకోసారి పడ్డారు. నిమ్మకాయల్లో రెండు నలిగాయి, రెండు దొర్లి మోరీలో పడ్డాయి. సగం దిష్టే పోయినట్టు లెక్క, ఇంకో రెండు తెమ్మన్నాడు పురోహితుడు. ఇంట్లో ఉన్నవన్నీ అప్పటికే పులిహోరలో పిండేశారు. వర్జ్యానికి పది నిమిషాలుంది. పెద్దాయనొకరు ముహూర్తం బండికా, మనవడికా అని తర్కం లేవదీశారు.

ముషీరాబాద్ నుంచి మెకానిక్ స్కూటర్ మీద వచ్చాడు. పళ్లెం వంక, డ్రోన్ వంక, డాలస్ వంక చూడకుండా నేరుగా వరండా దగ్గరికెళ్లి, "అమ్మా, మొన్ననే గద పాయింట్లు మార్చినం. ఎవరు ముట్టిండ్రు?" అన్నాడు. పెట్రోలుతో తడిసిన ప్లగ్గులు విప్పి తుడిచి బిగించాడు. తన బ్యాటరీ తగిలించి, చోక్ లాగి, రెండుసార్లు తొక్కి వదిలి, సెల్ఫ్ కొట్టాడు. స్టార్టయింది. చప్పట్లు మనవడికి కొట్టారు. గేటు దాకా నడిపాడు. రీలుకు అంత చాలు. కింద 'లెగసీ' అని రాశారు. మెకానిక్ పదిహేను వందలడిగితే పెద్దకొడుకుగారు వెయ్యికి బేరమాడారు.

ఇప్పుడు ఆ మేనత్త సంగతి చెప్తాను. చెప్తుంటే నాకు నవ్వు రావడం లేదు. తండ్రిని వారం వారం డయాలసిస్‌కు తీసుకెళ్లింది ఆమె. ఎండాకాలంలో చిలకలగూడ దగ్గర పెట్రోలు ఆవిరైపోయి బండి మొరాయిస్తే, వెనకనున్నవాళ్లు హారన్లు కొడుతుంటే, బానెట్ ఎత్తి ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ వేసి, అది చల్లబడేదాకా తండ్రికి విసనకర్రతో విసిరింది ఆమె. కుర్లాలో తయారీ ఆగి ఇరవై ఏళ్లు దాటిన బండికి క్లచ్ ప్లేటు కోసం రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాలన్నీ తిరిగింది ఆమె. ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక, అది పాత రబ్బరును పాడుచేస్తుందని పైపులు మార్పించింది ఆమె. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి చేయించే ఆర్సీ రెన్యువల్ ఫీజు 2022లో 600 నుంచి 5,000 అయితే, ఆ ఐదు వేలూ కట్టింది ఆమె. ఫోటోలో ఆమె లేదు. అందరూ కారు పక్కన నిలబడ్డప్పుడు ఆమెను వడ్డన చూడమని లోపలికి పంపారు. ఏం మనుషులండీ వీళ్లు? కళ్లుండీ చూడరు, నోరుండీ ఒక్కడు అడగడు. నాతో సహా అందరం బూరెలు తిని వచ్చాం.

అయితే ప్రభుత్వం వారు ఆమెను మరిచిపోలేదు. యజమాని పోతే బండి బదిలీకి ఫారం 31 ఉంటుంది. మూడు నెలల్లో పెట్టాలి. సంవత్సరీకం అయ్యేదాకా ఇంట్లో ఎవరికీ ఆ సంగతి పట్టలేదు. ఆ ఫారానికి మిగతా వారసుల అంగీకారం కావాలన్నారు. అప్పుడు గుర్తొచ్చింది చెల్లెలు. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చిన హిందూ వారసత్వ చట్టం 1956 నాటిది. బండి కంటే పద్నాలుగేళ్లు పెద్దది, చోక్ లాగకుండానే నడుస్తోంది.

పెద్దకొడుకుగారికి ఇంకో కోరిక కూడా ఉంది. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. నంబరులో 'వీఏ' అని వస్తుందని ఎవరో చెబితే ముందే స్టిక్కర్ కొట్టించారు. అది కొత్తగా రిజిస్టరయ్యే వింటేజ్ బండ్లకు. ఇదివరకే రిజిస్టరైన వాటికి పాత నంబరే ఉంటుంది. పైగా ఆ రిజిస్ట్రేషన్ అయిన బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోజువారీగా తిప్పకూడదు. డాలస్‌లో ఉండే యజమానికి ఇంతకంటే అనువైన నియమం లేదు. రోజూ రైతుబజారుకు అదే బండిలో వెళ్లే చెల్లెలు ఇకనుంచి ఆటోలో వెళ్లాలి. బండిని మాత్రం ఆదివారం ఆదివారం స్టార్ట్ చేసి ఉంచాలట. ఆ బాధ్యత ఆమెకు అప్పగించినట్టు ఫ్యామిలీ గ్రూపులో మేనల్లుడు ప్రకటించాడు, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి.

ఆమె ఇంకా సంతకం పెట్టలేదు. కళ్లజోడు మార్చుకోవాలంటోందట. అన్నగారు రోజూ ఫోన్ చేస్తున్నారు. నెలాఖరుకు బండి ఇన్సూరెన్స్ అయిపోతోంది. అదెవరు కట్టాలన్న ప్రశ్న మాత్రం గ్రూపులో ఎవరూ వెయ్యడం లేదు.