నెల్లూరులో పాత హాట్ హ్యాచ్: కొనేటప్పుడు చౌకే, చెన్నై దూరం తెలిసేది తర్వాత

డ్రైవర్ సీటు బెల్టును చివరికంటా లాగాను. మామూలుగా ఎవరూ అంతదాకా లాగరు, పెట్టుకోవడానికి సగం చాలు. లోపల చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు బయటికొచ్చేసరికి దాని మీద టీ మరకలాంటి గీత అడ్డంగా కనిపించింది. గోటితో గీరితే సన్నటి మట్టి రాలింది. పక్కనున్న మా మేనల్లుడు ఆ గీత వంకా, బానెట్ వంకా మార్చి మార్చి చూశాడు. ఎర్రటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. చెన్నై శివార్లలో ఒక యార్డు. "డాక్టర్ బండి సార్, సింగిల్ ఓనర్" అని యార్డాయన అప్పటికి మూడోసారి చెబుతున్నాడు. (పాత కార్ల సంతలో డాక్టర్లు కాని వాళ్లు కారు అమ్మగా నేనింతవరకు చూడలేదు.)

ఆ గీత వరద నీళ్లు వదిలిన గుర్తు. 2015 డిసెంబరు వరదల్లో, మళ్లీ మిచాంగ్ తుపాను వచ్చిన 2023 డిసెంబరులో చెన్నైలో లెక్కలేనన్ని కార్లు మునిగాయి. అవన్నీ తుక్కుకే పోలేదు. కొన్నింటిని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి మళ్లీ రోడ్డెక్కించారు. ఆ మాటకొస్తే మనమూ తక్కువ తినలేదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు వైపు హైవేనే తెగింది, ఇళ్ల ముందున్న బండ్ల సంగతి చెప్పక్కర్లేదు. కార్పెట్ కిందా, స్టెప్నీ గుంతలోనూ తుప్పు చూడటం చాలామందికి తెలుసు, అమ్మేవాళ్లకు ఇంకా బాగా తెలుసు. బెల్టు సంగతి మాత్రం ఇంకా వాళ్ల దాకా పోయినట్టు లేదు.

ఆ బండి వద్దనుకుని వచ్చేశాం. అయితే దారి పొడుగునా మేం మాట్లాడుకున్నది ఆ బురద గురించి కాదు. అంతా బాగున్న బండే దొరికిందనుకుందాం, నెల్లూరులో దాన్ని ఎలా నడపాలి?

హాట్ హ్యాచ్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. చిన్న కారు, వెనక డిక్కీ తలుపు, ఇంట్లో అందరూ పట్టే సీట్లు, ఇంజిన్ మాత్రం దాని సైజుకు మించిన జోరు. 1976లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ అమ్మకాలు మొదలైనప్పటి నుంచీ యూరప్‌లో దీనికో వర్గం ఉంది. మన దేశంలో ఈ రకాన్ని ఇంజినీర్ల కంటే పన్ను అధికారులే ఎక్కువగా తీర్చిదిద్దారని నా నమ్మకం. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు ఇంజిన్ అయితే 1200 సీసీ లోపు ఉంటేనే చిన్న కారు పన్ను. అందుకే 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐ 1197 సీసీ దగ్గర ఆగి, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) పెట్టుకుని 105 హార్స్‌పవర్ తెచ్చుకుంది. 2017లో మారుతీ బలెనో ఆర్‌ఎస్ 998 సీసీలోనే 102 తీసింది. ఆ గీత దాటింది ఫియట్ పుంటో అబార్త్. 2015లో 1.4 లీటర్ టర్బోతో 145 హార్స్‌పవర్ ఇచ్చింది, ఎక్కువ పన్నూ మోసింది. కొన్నవాళ్లు కొద్దిమందే. ఇష్టపడ్డవాళ్లు మాత్రం ఇప్పటికీ దాని మాటెత్తితే వదలరు.

ఇందులో పోలో ఉత్పత్తి మన దగ్గర 2022లో ఆగింది. ఫియట్ కార్లు షోరూముల నుంచే పోయాయి. వంద హార్స్‌పవర్ డీజిల్ ఫిగో ఇచ్చిన ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. బలెనో ఆర్‌ఎస్ 2020కే కనుమరుగైంది. అంటే ఈ బండ్లను కొత్తగా కొందామన్నా దొరకవు. యార్డుల్లో "ఇక రాదు సార్ ఈ బండి" అనే మాటకు ఉన్న బలమంతా అక్కడిదే. ఆ ఒక్క మాట మీదే లక్ష రూపాయలు అదనంగా అడుగుతారు. ఇక రాని బండికి ఇక రాని పార్టులు కూడా ఉంటాయన్నది ఆ లక్ష ఇచ్చేటప్పుడు గుర్తుకు రాదు.

నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు. కొనేటప్పుడు అది మనకు వరం. బండ్లు ఎక్కువ, పోటీ ఎక్కువ, పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. అదే 175 కిలోమీటర్లు బండి మొరాయించిన రోజు శాపమవుతుంది. మన ఆటోనగర్‌లో పనితనం తక్కువేం కాదు. లారీ ఇంజిన్ దించి సాయంత్రానికి ఎక్కించేవాళ్లున్నారు. టర్బో కూడా వాళ్లకు కొత్త కాదు. స్విఫ్ట్ డీజిల్‌లో ఇన్నాళ్లూ తిరిగింది ఫియట్ వాళ్ల 1.3 లీటర్ ఇంజినే కదా. చిక్కంతా నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు కొట్టే ఇంజిన్లతోనూ, రెండు క్లచ్‌ల గేర్‌బాక్సులతోనూ. నాకు తెలిసిన మేస్త్రీ ఒకాయన ముక్కుసూటిగా చెప్పాడు: "స్విఫ్ట్ అయితే కళ్లు మూసుకుని దించేస్తా అన్నా. దీనికి ముందు కంప్యూటర్ పెట్టాల. ఆ కంప్యూటర్ మన కాడ లేదు. చెన్నైకి ఏసకపోండి." చేతకాని పనిని చేతనవుతుందని చెప్పి బండి పాడుచేసేవాళ్ల కంటే ఆయన వెయ్యి రెట్లు నయం.

మూడేళ్లుగా నేనూ ఒక పాత టర్బో పెట్రోలు బండే నడుపుతున్నాను. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. పోయిన మే నెలలో ఒంగోలు నుంచి వస్తుంటే టంగుటూరు టోల్‌గేట్ దాటాక టెంపరేచర్ లైటు వెలిగింది. ఆపి బానెట్ ఎత్తితే కూలెంట్ ఆవిరి. పగిలింది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ముక్క. వయసుకీ వేడికీ పెళుసెక్కింది, ఎవరినీ అనడానికి లేదు. ధర మూడు వేల లోపే. అది చెన్నై నుంచి బస్సు పార్శిల్‌లో రావడానికి ఐదు రోజులు పట్టింది. బండిని ఫ్లాట్‌బెడ్ మీద నెల్లూరు చేర్చడానికి ఆ ముక్క ధరకు రెట్టింపు పైనే అయింది. ఆ ఐదు రోజులూ ఆఫీసుకు మా ఆవిడ స్కూటీ మీద వెళ్లాను. పాత హాట్ హ్యాచ్ ఖర్చు గురించి ఎవరడిగినా ఈ లెక్కే చెబుతాను. పార్టు ధర ఒక వంతు, దూరం ధర రెండు వంతులు.

ఇక గేర్‌బాక్స్. పోలో జీటీ టీఎస్‌ఐలో ఉన్నది ఏడు గేర్ల డీఎస్‌జీ, తనే గేర్లు మార్చుకునే ఆటోమేటిక్. దాని రెండు క్లచ్‌లూ ఆయిల్‌లో మునిగి ఉండేవి కావు, పొడి క్లచ్‌లు. రోడ్డు ఖాళీగా ఉంటే దానంత హాయి ఇంకోటి లేదు, గేరు మారిందన్న సంగతే తెలీదు. కానీ అంగుళం అంగుళం పాకించే ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి సగం వదిలి నడుస్తూ ఉంటుంది, వేడెక్కుతుంది. రోహిణి కార్తెలో, మధ్యాహ్నం వేళ, ట్రంకు రోడ్డులో ఒక్కసారి ఊహించుకోండి. ఈ రకం గేర్‌బాక్సులతో ఇబ్బంది ప్రపంచమంతా చూసిందే. 2013లో ఒక్క చైనాలోనే 3.84 లక్షల కార్లను కంపెనీ వెనక్కి పిలిపించింది. ఉన్న ప్రతి బండీ పాడైపోతుందని కాదు, లక్ష కిలోమీటర్లు ఏ గొడవా లేకుండా తిరిగినవీ ఉన్నాయి. పాడైతే మాత్రం బిల్లు లక్ష దాటుతుంది, పని మన ఊళ్లో అవదు. టెస్ట్ డ్రైవ్‌లో వంద స్పీడు చూసి మురిసిపోవడం మాని, రివర్స్‌లోంచి డ్రైవ్‌కి మార్చి బ్రేకు మెల్లగా వదలాలి. బండి వణికితే తాళం తిరిగి ఇచ్చేయాలి.

నా సలహా ఎవరికైనా ఒకటే: మాన్యువల్ గేరే కొనండి, అదీ ఇప్పటికీ ఏదో ఒక కొత్త కారులో బతికి ఉన్న ఇంజిన్‌ది. 2020లో పోలోకు వచ్చిన 1.0 టీఎస్‌ఐ 110 హార్స్‌పవర్‌ది, ఆరు గేర్ల మాన్యువల్‌తో దొరుకుతుంది. ఆ ఇంజిన్ కుటుంబమే వర్టస్, టైగూన్, స్లావియా, కుషాక్‌లలో ఉంది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లోని ఒక లీటర్ టర్బో ఇంజిన్ వెన్యూలోనూ ఉంది. బలెనో ఆర్‌ఎస్‌లోని బూస్టర్‌జెట్ ఇంజిన్‌కు తమ్ముడు ఫ్రాంక్స్‌లో తిరుగుతున్నాడు, పైగా మారుతీ సర్వీసు కావలి నుంచి మార్కాపురం దాకా ఎక్కడైనా దొరుకుతుంది. ఆర్‌ఎస్ మిగతావాటంత ముచ్చటైన బండి కాదు, స్టీరింగ్‌లో ప్రాణం తక్కువ. అయినా మన జిల్లాలకు అది బుద్ధిమంతుల ఎంపిక. అబార్త్ మీద మనసు పడ్డవాళ్లతో వాదించను. ఇంట్లో ఇంకో కారు ఉంటే కొనుక్కోండి.

మొదటి ఓనరు ఎలా తోలాడన్నది ఇంకో సంగతి. ఇలాంటి బండిని పాలప్యాకెట్ తేవడానికి ఎవరూ కొనరు. కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చి టర్బో ఒత్తిడి పెంచే "స్టేజ్ వన్" వ్యవహారం కుర్రకారులో మామూలైపోయింది. అమ్మేముందు పాత సెట్టింగులు వేసేస్తారు, అరిగిన క్లచ్‌ను మాత్రం వెనక్కి తేలేరు. టైర్ల మీద నాలుగంకెలు చూడండి. 3222 అంటే 2022లో 32వ వారం. మీటరులో 28 వేలే ఉన్నా టైర్లు అప్పటికే రెండోసారి మార్చి ఉంటే, మీటరైనా అబద్ధం చెబుతోంది, ఓనరైనా రోడ్డు మీద రబ్బరు కాల్చాడు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లి మనమే స్టార్ట్ చేయాలి. మనం వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉందంటే, ఏదో దాచడానికే ముందుగా తిప్పి పెట్టారని నేను అనుమానిస్తాను.

నంబరు ప్లేటు కూడా కొంత కథ చెబుతుంది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక బండి ఏ జిల్లాదో తెలీడం లేదు. పాత ఏపీ 26 (నెల్లూరు), ఏపీ 27 (ప్రకాశం) ప్లేట్లు ఉన్నవాటి చరిత్ర మాత్రం రెండు టీలు తాగేలోపు ఊళ్లోనే తేలిపోతుంది. ఎవరి కొడుకు తోలాడో, ఏ పెళ్లి నుంచి వస్తూ ఏ చెట్టుకు గుద్దాడో అంతా బయటికొస్తుంది. తమిళనాడు బండికి ఆ సౌకర్యం లేదు. పైగా అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, పన్నెండు నెలలు దాటితే కొత్త నంబరు తప్పనిసరి. చెన్నైలో యాభై వేలు తగ్గిందని సంబరపడ్డవాళ్లు ఈ లెక్క వేసుకున్నాక ఏమీ మిగల్లేదని చెప్పడం నేను విన్నాను. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి తగ్గాక కొత్త కార్ల ధరలే దిగొచ్చాయి. పాత కారుకు ఇంకా ఆ ముందటి ధరే చెబుతుంటే గట్టిగా బేరమాడాలి.

పెట్రోలు సంగతి క్లుప్తంగా. టర్బోను తొక్కితే తాగుతుంది, ఊళ్లో లీటరుకు పది, పదకొండు కిలోమీటర్లు వస్తే సంతోషించాలి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో చాలావాటిని 20 శాతం ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోలు లెక్కతో చేయలేదు. మైలేజీ కాస్త తగ్గుతుంది, పాత రబ్బరు పైపులపై ఓ కన్నేసి ఉంచాలి. ఆయిల్ మాత్రం కంపెనీ పుస్తకంలో ఎంత రాసినా ఏడెనిమిది వేల కిలోమీటర్లకే మార్పించండి, మన ఎండలకు అదే మేలు.

ఇంతా చేసి ఈ బండిని ఎక్కడ తోలతారు? పదహారో నంబరు హైవే మీద కార్లకు పరిమితి వంద. పక్కన చీమకుర్తి గ్రానైట్ లారీలు, ముందు రొయ్యల కంటైనర్లు. నేరుగా పోయే రోడ్డు మీద ఏ కారైనా ఒకటే. ఈ బండ్ల రుచి తెలిసేది ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు, లేకుంటే దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో. రెండో గేరులో మలుపు తిరిగి బయటికొస్తున్నప్పుడు టర్బో ఒక్కసారి వీపు మీద తట్టినట్టు నెడుతుంది. రెండు వరసల రోడ్డులో గడ్డి ట్రాక్టరును దాటాల్సి వచ్చినప్పుడు ఆ నెట్టుడే ప్రాణం కాపాడుతుంది. రాత్రి తొమ్మిదికి దోర్నాల చెక్‌పోస్టు మూసేస్తారు, అది పులుల అడవి. పగలు కూడా మలుపు వెనక కోతుల మంద కూర్చుని ఉండొచ్చు. హార్స్‌పవర్ ఎంత ఉన్నా బ్రేకుల మీదే నమ్మకం పెట్టుకోవాలి.

ఇవన్నీ మా మేనల్లుడికి ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు తింటూ వరసపెట్టి చెప్పాను. బుద్ధిగా తలూపాడు. మాన్యువలే కొంటానన్నాడు, దగ్గర్లోనే చూస్తానన్నాడు. మంగళవారం రాత్రి పదకొండుకు ఫోన్‌లో ఒక ఫొటో వచ్చింది. తెల్లటి అబార్త్, పక్కన తేలు బొమ్మ. కింద ఒక్క లైను రాశాడు: "మామా, బెల్టు మొత్తం లాగి చూపించమన్నా, శుభ్రంగా ఉంది. బండి కోయంబత్తూరులో ఉంది."