టీవీ గడప దాటుతున్న గేమ్ కన్సోల్ గారికి

మహారాజశ్రీ గేమ్ కన్సోల్ గారి సముఖమునకు, కావలి నుంచి తమరి పాత అభిమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

వీడియో గేములు ఆడించే తమరు హాల్లోని టీవీతో తెగతెంపులు చేసుకుని దేశాటనకు బయలుదేరుతున్నారని తెలిసి సంతోషించాము. సీరియల్ వేళ రిమోట్ కోసం జరిగే యుద్ధాలు తప్పుతాయి కనుక మా ఇంటికీ అది మేలే. 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీ పేరుతో అవతరించిన నాడు బొమ్మకు రంగుల్లేక, టీవీ తెర మీద ప్లాస్టిక్ షీట్లు అంటించుకుని నెట్టుకొచ్చిన తమరు, 2017లో నింటెండో వారి స్విచ్ రూపంలో టీవీకీ అరచేతికీ రెండింటికీ సర్దుకుని, 2022లో చేత పట్టుకునే స్టీమ్ డెక్‌గా పీసీ ఆటలను సైతం చంకన పెట్టుకుని పినాకిని ఎక్స్‌ప్రెస్ కిటికీ పక్క సీటు దాకా రాగలగడం సామాన్యమైన ఎదుగుదల కాదు.

అయితే స్వేచ్ఛ వచ్చిందని చాటుకుంటున్న తమరి మెడలో పలుపు అలాగే ఉందని, దాని రెండో కొసను మా ఇంటి గుంజ నుంచి విప్పి ఎక్కడో సర్వర్ గదిలో కట్టేశారని మనవి చేయక తప్పదు. 2023లో వచ్చిన సోనీ వారి చేతి పరికరం ప్లేస్టేషన్ పోర్టల్, ఎనిమిది అంగుళాల తెర పెట్టుకుని కూడా, వచ్చిన కొత్తలో ఇంట్లో పీఎస్5 (ప్లేస్టేషన్ 5 కన్సోల్) ఉండి రెండింటికీ నెట్ అందితే తప్ప ఒక్క ఆటైనా ఆడించలేకపోయింది. 2025లో స్విచ్ 2తో వచ్చిన గేమ్ కీ కార్డులది మరీ విడ్డూరం: కార్డులో ఆట ఉండదు, తాళంచెవి ఉంటుంది, సరుకు మాత్రం మనమే నెట్ నుంచి దింపుకోవాలి. కన్సోల్ పెట్టే అక్కరలేదు, నెట్ మీదే ఆడుకోండన్న గూగుల్ వారి స్టేడియా 2019 నవంబరులో తెరుచుకుని 2023 జనవరిలో మూతపడింది. కొన్న ఆటలకు డబ్బు వాపసు ఇచ్చారు, పాపం, ఆ మాట ఒప్పుకోవాలి.

మా మేనల్లుడు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉంటాడు. తమరి చేతి అవతారాన్ని అందుకోసమే కొనుక్కున్నాడు. అర్ధరాత్రి మేత బస్తాల మీద కూర్చుని, డబ్బు పోసి కొన్న ఆటను తెరిస్తే, అది తనదేనని నెట్‌లో రుజువు చేసుకోమని తెర అడిగింది. ఫోనులో సిగ్నల్ ఒక్క గీత దాటలేదు. ఆ రాత్రి గుంటలో ఏరియేటర్ చక్రాలు, తెర మీద లోడింగ్ చక్రం పోటాపోటీగా తిరిగాయి. రొయ్యలకైనా గాలి అందింది.

తొంభైల్లో నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్న, ఆట లోపలే ఉండే పసుపు కార్ట్రిడ్జ్‌కు ఇంతటి పెద్దరికం లేదు. టీవీ వెనక ఏంటెన్నా వైరు పీకి తమరి వైరు గుచ్చితే ఆడేది, మొరాయిస్తే నోటితో ఊదితే ఆడేది, ఎదురింటివాళ్లకు అరువిస్తే వాళ్లింట్లోనూ ఆడేది. ఎవరి పేరు మీద కొన్నారని అడిగిన పాపాన పోలేదు.

కనుక తమరు రైల్లోకి రండి, గుంట గట్టుకు రండి, కళ్లద్దాల్లో దూరినా మాకు అభ్యంతరం లేదు. వచ్చేటప్పుడు ఆటను పూర్తిగా వెంట తెచ్చుకుంటే చాలు. ఈ విషయమై తమరి అభిప్రాయాన్ని, ఖాతా తెరవమనీ ఓటీపీ చెప్పమనీ అడగకుండా, ఒక కార్డు ముక్క మీద రాసి పంపగలరు.

ఇట్లు,
తమరి రెండో కంట్రోలర్ పట్టుకున్నవాడు