2,667 బిట్ల కుట్ర

పాత మోడెమ్ (ఫోన్ లైను మీదుగా కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి కలిపే పెట్టె) కూత ఆడియో జతచేసిన మెసేజ్ ఒకటి ఈమధ్య వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నాకే మూడు గ్రూపుల్లో వచ్చింది. అందులో ఒకటి మా పెదనాన్నగారి అబ్బాయి పంపింది. డాలస్‌లో ఉంటాడు కాబట్టి అమెరికా సంగతులు తనకే బాగా తెలుసని వాడి నమ్మకం. మెసేజ్ సారాంశం ఇది:

"మీ 56కే మోడెమ్ ఏనాడూ 56 ఇవ్వలేదు, గుర్తుందా? అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఫోన్ లైన్లలో సిగ్నల్ పవర్‌కి కావాలనే కళ్లెం వేసి 53 దగ్గర ఆపేసింది. ఫోన్ కంపెనీల ఖరీదైన లైన్లు అమ్ముడుపోవడానికే ఇదంతా. ఆ రూలు ఎత్తేస్తే అందరికీ 56 వచ్చేది. తెలిసినవాళ్లు మోడెమ్‌కి ఒక్క కమాండ్ కొట్టి ఆ కళ్లెం తీసేసుకున్నారు కూడా. మన దేశంలో నెట్ నత్తనడక నడిచిందీ అందుకే."

కింద రుజువుగా ఒక స్క్రీన్‌షాట్: 115,200 బీపీఎస్‌తో కనెక్ట్ అయినట్టు.

56కే అంటే సెకనుకి 56,000 బిట్ల వేగం (బీపీఎస్ అన్నా సెకనుకి ఇన్ని బిట్లనే). మొదటి వాక్యానికి పేచీ లేదు. రెండోదాంట్లో సగం నిజం ఉంది. మిగతాదంతా ఆ సగం మీద కట్టిన మేడ.

ముందు ఆ సగం నిజం చూద్దాం. ఎఫ్‌సీసీ నిబంధనల్లో పార్ట్ 68 అని ఒకటుంది. ఫోన్ లైనుకి తగిలించే పరికరాలు ఎలా ఉండాలో చెప్పేది అదే. ఆ రోజుల్లో కూడా అందులో 53 అనే అంకె లేదు, వేగం ప్రసక్తే లేదు. అప్పట్లో ఉన్నదల్లా పవర్ పరిమితి: డిజిటల్‌గా వచ్చి ఎక్స్ఛేంజ్‌లో అనలాగ్‌గా మారే సిగ్నల్, 3 సెకన్ల సగటున మైనస్ 12 డీబీఎం దాటకూడదు. అంటే మిల్లీవాట్‌లో దాదాపు పదహారో వంతు. మరి పవర్‌కి గీసిన గీత వేగానికి ఎలా తగిలింది?

ఫోన్ ఎక్స్ఛేంజ్ మన గొంతును సెకనుకి 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్ల అంకెగా రాసుకుంటుంది. అంటే 256 మెట్లు. 56కే మోడెమ్ కిటుకంతా ఇక్కడే ఉంది. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ వైపు లైను డిజిటల్‌గానే ఉంటుంది కాబట్టి అది ఆ అంకెల్నే నేరుగా పంపుతుంది. మీ ఇంటి మోడెమ్ పని, వైరులో వచ్చిన వోల్టేజీ ఏ మెట్టుదో గుర్తుపట్టడం. కొలతకి 7 బిట్లు పట్టుకోగలిగితే 8,000 ఇంటూ 7, మొత్తం 56,000.

చిక్కేమిటంటే ఆ మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండవు. మనిషి గొంతు కోసం చేసినవి కదా, చిన్న శబ్దాల దగ్గర మెట్లు వేలెడు ఎడంలో కిక్కిరిసి ఉంటాయి, పెద్ద శబ్దాల దగ్గర బారెడు ఎడంగా ఉంటాయి. లైనులో కాస్త గరగర ఉన్నా కింది మెట్లు ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి. పై మెట్లు ఎక్కువ వాడుకుంటే పోల్చుకోవడం తేలికే, కానీ సగటు పవర్ పెరుగుతుంది. అక్కడ అడ్డొస్తుంది ఎఫ్‌సీసీ గీత. దానికి లోబడి ఎంపిక చేసుకుంటే అమెరికాలో వచ్చే గరిష్ఠం 53,333. ఇది రహస్యమూ కాదు. మోడెమ్ పెట్టెల మీదే సన్న అక్షరాల్లో అచ్చేసేవారు. పెద్ద అక్షరాల్లో 56 అని వేసినందుకు ఎవర్నైనా తిట్టాలంటే అమ్మినవాళ్లని తిట్టొచ్చు, నేనూ ఓ మాట కలుపుతాను.

ఇక "ఫోన్ కంపెనీల కోసమే" అన్న మాట. ఇది చరిత్రని తలకిందులుగా వేలాడదీయడమే. ఒకప్పుడు అమెరికాలో ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీ లైనుకి వాళ్ల పరికరం తప్ప మరొకటి తగిలించనిచ్చేవారు కాదు. 1968లో కార్టర్‌ఫోన్ కేసులో ఎఫ్‌సీసీ ఆ పట్టు సడలించింది. నెట్‌వర్క్‌కి హాని చేయనంతవరకు ఎవరి పరికరమైనా తగిలించుకోవచ్చంది. ఏది హాని, ఏది కాదు అని తేల్చడానికి 1970ల్లో పుట్టింది ఈ పార్ట్ 68. అంటే ఏ పుస్తకంలో పవర్ పరిమితి ఉందో, అదే పుస్తకం పుణ్యాన జనం దుకాణానికెళ్లి నచ్చిన మోడెమ్ కొనుక్కోగలిగారు. 56కే మోడెమ్‌లు బజారుకొచ్చింది 1997లో. యూఎస్ రోబోటిక్స్‌ది ఎక్స్2, రాక్‌వెల్, లూసెంట్‌లది కే56ఫ్లెక్స్. రూలు అంతకుముందు నుంచే ఉంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టని మోడెమ్ మీద ముందే కుట్ర పన్నారంటే ఎలా? పైగా ఈ పరిమితిని సడలిద్దామని 1998లో ప్రతిపాదన తెచ్చిందీ ఎఫ్‌సీసీయే.

సరే, అసలా పరిమితి ఎందుకు? ఒకే కేబుల్‌లో వందల జతల రాగి తీగలు ఒకదానికొకటి ఆనుకుని పరుగెడతాయి. ఒక జతలో శబ్దం పెంచితే పక్క జతలోకి కారుతుంది. పాత ఫోన్లలో పక్కింటివాళ్ల మాటలు సన్నగా వినపడేవే, అదే. మనుషులైతే మాట్లాడతారు, ఆగుతారు, ఊపిరి పీలుస్తారు. మోడెమ్‌కి ఆ విరామం లేదు, గంటలకొద్దీ ఒకే స్థాయిలో అరుస్తూనే ఉంటుంది. 3 సెకన్ల సగటు అన్నది అందుకే. నన్నడిగితే 1990ల చివరికి ఆ జాగ్రత్త కొంచెం ఎక్కువే. దూరపు లైన్లు అప్పటికే డిజిటల్ అయిపోయాయి, పాత భయాల్లో కొన్నిటికి కాలం చెల్లింది. కాబట్టి సడలించి ఉండాల్సింది అంటే ఒప్పుకుంటాను. కుట్ర అంటేనే ఒప్పుకోను.

"రూలు ఎత్తేస్తే అందరికీ 56." మెసేజ్ మొత్తంలో జనాన్ని బాగా పట్టేసింది ఈ మాటే, బొత్తిగా నిలవనిదీ ఇదే. 56కే మోడెమ్‌ల ఉమ్మడి ప్రమాణం వీ.90లో వేగం మెట్టుకి 1,333 బిట్ల చొప్పున పెరుగుతుంది (ఈ మెట్లు వేగానివి, ఇందాకటి వోల్టేజీవి కావు). 53,333 నుంచి 56,000కి రెండే మెట్లు. తేడా 2,667 బిట్లు, నూటికి ఐదు. 5 ఎంబీల ఎంపీ3 పాట దించుకోవడానికి 53,333 వేగంతో పన్నెండున్నర నిమిషాలు పడితే, 56,000తో 36 సెకన్లు ముందు దిగుతుంది. అంతే. అదే 44,000 వేగంతో కనెక్ట్ అయినవాడికి 15 నిమిషాలు దాటుతుంది. ఆ 44,000 గాడు 53 గీతకి ఏడు మెట్లు కింద ఉన్నాడు. పైకప్పు ఎత్తు పెంచితే నేల మీద కూర్చున్నవాడికి ఏం ఒరుగుతుంది?

వాణ్ని కింద కూర్చోబెట్టింది పవర్ రూలు కాదు, లైను. ఇల్లు ఎక్స్ఛేంజ్‌కి దూరమైతే సిగ్నల్ నీరసిస్తుంది. పొడుగు లైన్లలో గొంతు స్పష్టంగా ఉండాలని వేసిన లోడ్ కాయిల్స్ అనే తీగచుట్టలు మోడెమ్‌కి కావలసిన పై పౌనఃపున్యాల్ని మింగేస్తాయి. ఎక్స్ఛేంజ్‌ల మధ్య నడిచే అమెరికా డిజిటల్ లైన్లు, అంటే టీ1 లైన్లలో సిగ్నలింగ్ కోసం ప్రతి ఆరో కొలతలో చివరి బిట్‌ని కాజేసే పద్ధతి ఉండేది. గొంతుకైతే తెలీదు, 56కే మోడెమ్‌కి మాత్రం దెబ్బే. ఎక్స్ఛేంజ్‌కీ ఇంటికీ మధ్య ఇంకోసారి అనలాగ్ నుంచి డిజిటల్‌కి మార్చే పెట్టె ఏదైనా ఉందా, ఇక 56కే కిటుకే పనిచేయదు. మోడెమ్ మర్యాదగా పాత పద్ధతికి దిగి, మహా అయితే 33,600 దగ్గర ఆగుతుంది. అలాంటి ఇంటివాళ్లకి ఎఫ్‌సీసీ పవర్ పదింతలు పెంచినా దక్కేది సున్నా.

కమాండ్ సంగతి. మోడెమ్‌కి మనం ఇచ్చే ఏటీ కమాండ్లతో చాలా చేయొచ్చు: డయల్ టోన్ కోసం ఆగకుండా నంబర్ తిప్పమనొచ్చు, స్పీకర్ నోరు మూయించొచ్చు, లైను క్షణం పోయి వస్తే వెంటనే పెట్టేయకుండా ఓపిక పట్టమనొచ్చు. కొన్నిటిలో సిగ్నల్ స్థాయి మార్చే వీలూ ఉండేది, కానీ అది మీ ఇంటి నుంచి వెళ్లే సిగ్నల్. 53 పరిమితి తగిలేది అవతలి నుంచి వచ్చేదానికి. పవర్ ఎంతవరకు వాడొచ్చో మొదటి కూతల్లోనే కంపెనీ వైపు మోడెమ్ చెప్పేస్తుంది, మీది ఆ లెక్కలోనే మెట్లు ఏరుకుంటుంది. ఎదుటివాడి గొంతు పెంచే బటన్ మీ ఫోన్‌లో ఉండదు కదా. ఇక స్క్రీన్‌షాట్‌లోని 115,200 కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య మూరెడు కేబుల్ వేగం. లైను వేగానికి బదులు అదే చూపించే డ్రైవర్లు బోలెడుండేవి. దాన్ని చూసి కాలర్ ఎగరేసినవాళ్లలో నేనూ ఉన్నాను, ఒక వారం రోజులు.

చివరిది, మన దేశం ముచ్చట. ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ తెరిచిననాటికి 56కే మోడెమ్ పుట్టనే లేదు. పుట్టాకైనా, ఎఫ్‌సీసీ మాట చెల్లేది అమెరికాలో, తెనాలిలో కాదు. మన నెట్‌వర్క్‌లో బిట్ కాజేసే టీ1 పద్ధతీ లేదు, మనది యూరప్ తరహా ఈ1. కాగితం మీద చూస్తే మన లైన్లే మెరుగ్గా పరుగెత్తాలి.

2001లో మా ఇంట్లో స్క్రీన్ మూలన మామూలుగా 45,333 కనిపించేది, వానపడితే 28,800. ఫిర్యాదు రాయించిన తొమ్మిదో రోజు లైన్‌మన్ గారు వచ్చారు. "ఏం బాబూ, మళ్లీ గరగరేనా?" అంటూ నిచ్చెన వేసి స్తంభం మీది డీపీ బాక్స్ (ఇళ్లకి లైన్లు పంచే పెట్టె) తెరిచారు. మా జత జాయింట్ పచ్చగా చిలుము పట్టి ఉంది. పట్టుకుంటే పొడి రాలింది. ఆ ముక్క కత్తిరించి, కొత్తగా ఒలిచి మెలిపెట్టి, అక్కణ్నుంచి మా రోజెట్ (ఇంట్లో ఫోన్ తగిలించే గోడ పెట్టె) దాకా ఉన్న డ్రాప్ వైరు మొత్తం మార్చారు. అమ్మ ఇచ్చిన టీ తాగి, "ఇప్పుడు చూడు" అన్నారు. 49,333.

మళ్లీ వానాకాలం వచ్చేదాకా అదే ఉంది.