మొదటి పిక్ మీకొస్తే పోయినేడు పాయింట్లు చూడకండి

ఆగస్టు చివరికొచ్చేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో రెండే హడావుళ్లు. వినాయక చవితి మంటపం ఎవరింట్లో, ఫ్యాంటసీ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ ఏ రోజు. డ్రాఫ్ట్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లని వరసలో ఒక్కొక్కరిగా ఎంచుకుని (ఒక్కో ఎంపికే పిక్) సొంత టీము కట్టుకోవడం. వాళ్లు మైదానంలో సాధించే యార్డ్లకి, టచ్‌డౌన్లకి (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించడం) మనకి పాయింట్లు. డ్రాఫ్ట్ వరస తీయగానే ఒకటో నంబరు వచ్చినవాడికి అభినందనలే అభినందనలు. "నీకేంట్రా, ఈసారి కప్పు నీదే" అంటారు. వాడూ నమ్మేస్తాడు. పోయినేడు అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చిందెవరో చూసి, కళ్లు మూసుకుని ఆ పేరు నొక్కేస్తాడు. నా అభ్యంతరం అక్కడే. ఆ పాయింట్లు పోయినేడు ఇంకెవరికో పడిపోయాయి. ఈ ఏడు మీకు కావలసింది సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మైదానంలో ఉండే మనిషి.

ఒకసారి వెనక్కి చూడండి. 2016లో అరిజోనా రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) డేవిడ్ జాన్సన్ 2,118 యార్డ్లు, 20 టచ్‌డౌన్లతో దుమ్ము రేపాడు. మరుసటి ఏడాది అందరికీ అతనే ఒకటో పిక్. 2017 మొదటి ఆటలోనే మణికట్టు స్థానం తప్పింది, ఏడాది మొత్తం పోయింది. 2019లో క్రిస్టియన్ మెకాఫ్రీ పరుగుల్లో వెయ్యి, క్యాచ్‌లలో వెయ్యి యార్డ్లు దాటాడు. 2020లో ఆడింది మూడు ఆటలు. అయినా జనం 2021లో మళ్లీ అతన్నే ఎత్తుకున్నారు, ఏడు ఆటలు ఆడాడు. జొనాథన్ టేలర్ 2021లో 1,811 యార్డ్లు పరిగెత్తాడు. మరుసటి ఏడాది చీలమండ దెబ్బతో 861 దగ్గర ఆగాడు. 2018 టాడ్ గర్లీ కథ మరీ కడుపుమంట. 14 ఆటల్లో 21 టచ్‌డౌన్లు కొట్టి ఎంతోమందిని తమ ఫ్యాంటసీ లీగుల ప్లేఆఫ్స్‌కి (చివరి నాకౌట్ వారాలకి) మోసుకెళ్లాడు. తీరా అసలు వారాలొచ్చేసరికి మోకాలి నొప్పితో బెంచి మీద కూర్చున్నాడు. అతని బదులు దిగిన సీజే యాండర్సన్ 167 యార్డ్లు పరిగెత్తాడు, కాకపోతే అతను ఉన్నది ఎదుటివాళ్ల ఫ్యాంటసీ టీముల్లో.

ఇది శాపమేమీ కాదు. లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు రావాలంటే ఒంట్లో బాగుండాలి, ముందు నిలబడే లైన్ బాగుండాలి, కోచ్ బంతి పదేపదే అతని చేతికే ఇవ్వాలి. అన్నీ కలిసొచ్చిన ఏడాదే ఆ లెక్క కనబడుతుంది. పైగా ఆ బంతి మోసిన ప్రతిసారీ నూట పాతిక కిలోల మనిషి ఎవరో ఒకరు వచ్చి మీద పడతాడు. 2024లో సాక్వాన్ బార్క్లీ 2,005 యార్డ్లు పరిగెత్తి ఫిలడెల్ఫియాకి సూపర్ బౌల్ (అసలు లీగు ఫైనల్) గెలిచిపెట్టాడు. అసలు లీగు నాకౌట్ ఆటలు కలుపుకుంటే 400 సార్లకు పైగా బంతి పట్టుకుని పరిగెత్తాడు. 2025లో ఆ జోరు లేదంటే ఆశ్చర్యం ఏముంది?

ఒకటో పిక్ పోతే వేరే పిక్ పోయినట్టు కాదు, అదీ గుర్తుంచుకోవాలి. పన్నెండుమంది లీగులో వరస పాములా మెలికలు తిరుగుతుంది, రెండో రౌండు ఆఖరివాడి నుంచి వెనక్కొస్తుంది. మీ రెండో పిక్ 24, మూడోది 25. మధ్యలో 22 మంది మంచి ఆటగాళ్లు మీ కళ్లముందే వెళ్లిపోతారు. అంచేత అక్కడ తప్పితే సర్దుకోవడానికి చోటు తక్కువ.

దగ్గర్నుంచి చూడదగ్గ ఉదాహరణ 2024ది. ఆగస్టులో మెకాఫ్రీకి పిక్క నొప్పి, మడమ దగ్గర ఎకిలీస్ ఇబ్బంది. శాన్ ఫ్రాన్సిస్కో క్యాంపు నుంచి వచ్చిన కబుర్లన్నీ "ఏం ఫర్వాలేదు, మొదటి వారానికి వచ్చేస్తాడు" అన్న ధోరణిలోనే. అంతకుముందు ఏడాది 2,023 యార్డ్లు, 21 టచ్‌డౌన్లు చూసినవాళ్లకి ఆ మాట చాలింది. మొదటి ఆట సోమవారం రాత్రి, జెట్స్ మీద. ఆట మొదలు కావడానికి గంటన్నర ముందు అతను ఆడట్లేదని తేలింది. ఆదివారం ఆటలన్నీ అప్పటికే అయిపోయాయి, బెంచి మీదున్నవాళ్లని దించే వీల్లేదు. అతని చోట జోర్డన్ మేసన్ 147 యార్డ్లు పరిగెత్తాడు. చివరి రౌండ్లో మేసన్‌ని ఊరికే పెట్టుకున్నవాడు ఆ రాత్రి రాజు. మెకాఫ్రీ ఆ ఏడు ఆడింది మొత్తం నాలుగు ఆటలు.

"అయితే 2025 సంగతేంటి?" అని మీరు అడుగుతారని తెలుసు. అదే మెకాఫ్రీ ఒక్క ఆటా వదలకుండా ఆడి రన్నింగ్ బ్యాక్‌లందరికన్నా పైన నిలిచాడు. నిజమే. కానీ ఆ ఏడు అతన్ని తీసుకున్నవాళ్లలో చాలామంది ఒకటో నంబరుకి తీసుకోలేదు, ఇంకాస్త కిందికి దిగాక తీసుకున్నారు. అదే మనిషి, అదే గాయాల చరిత్ర, ధర మాత్రం వేరు. ఐపీఎల్ వేలం చూసేవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 27 కోట్ల రిషభ్ పంత్ 2025లో ఆఖరి లీగ్ మ్యాచ్‌లో సెంచరీ కొట్టేదాకా లక్నో అభిమానులు ఏమనుకున్నారో మనం విన్నాం. అవే పరుగులు ఐదు కోట్లవాడు చేసుంటే ఎవరూ నోరెత్తరు.

నన్నడిగితే, ఒకటో నంబరుకి ముందు రిసీవర్ని (విసిరిన బంతి పట్టేవాడిని) చూస్తాను. రిసీవర్లకి దెబ్బలు తగలవని కాదు. 2023లో అందరూ ఎగబడి తీసుకున్న జస్టిన్ జెఫర్సన్ ఐదో వారంలో హామ్‌స్ట్రింగ్ పట్టేసి ఏడు ఆటలు మానేశాడు. అయితే తిరిగొచ్చాక, బంతి విసిరే మామూలు క్వార్టర్‌బ్యాక్ లేకపోయినా, డిసెంబరులో పనికొచ్చాడు. 2025లో జమార్ చేజ్ సంగతీ అంతే. రెండో వారంలోనే అతనికి బంతులు విసిరే జో బరోకి కాలి వేలి దెబ్బ తగిలి ఆపరేషన్ దాకా వెళ్లింది. చేజ్‌ని తీసుకున్నవాళ్లు తల పట్టుకున్నారు. అక్టోబరులో నలభై ఏళ్ల జో ఫ్లాకో వచ్చి బంతులు విసిరితే, పిట్స్‌బర్గ్ మీద చేజ్ ఒక్క రాత్రిలో 16 క్యాచ్‌లు, 161 యార్డ్లు పట్టాడు. క్యాచ్‌కో పాయింటు ఇచ్చే లీగులో ఇంకేం కావాలి?

డల్లాస్ వాళ్లకి విడిగా ఓ మాట. ఫ్రిస్కోలో ఇల్లుందని డల్లాస్ రిసీవర్ సీడీ ల్యామ్‌ని నెత్తిన పెట్టుకోవద్దు. 2023లో 1,749 యార్డ్లు పట్టినవాడే, కాదనను. 2024 ఆగస్టు నెలాఖరు దాకా కాంట్రాక్టు తేలక క్యాంపుకే రాలేదు, తర్వాత క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ గాయపడ్డాడు, లెక్క 1,194కి దిగింది. అభిమానం జెర్సీ మీద చూపించుకోవచ్చు.

ఈ జబ్బు ఇప్పటిదీ కాదులెండి. 1963లో ఓక్లండ్‌లో జరిగిన తొలి ఫ్యాంటసీ డ్రాఫ్ట్‌లో ఒకటో పిక్‌గా వెళ్లింది 36వ పుట్టినరోజు దగ్గరపడ్డ క్వార్టర్‌బ్యాక్ జార్జ్ బ్లాండా. ఆ ఏడాదే రన్నింగ్ బ్యాక్ జిమ్ బ్రౌన్ 1,863 యార్డ్లు పరిగెత్తాడు.

ఇదంతా ఆగస్టు కబుర్ల మీద ఆధారపడింది కాబట్టి, డ్రాఫ్ట్‌ని వీలైనంత వెనక్కి జరపమని మీ లీగ్ కమిషనర్ని పట్టుబట్టండి. ఆగస్టు మధ్యలో డ్రాఫ్ట్ పెట్టుకోవడమంత తెలివితక్కువ పని లేదు. 2021లో బాల్టిమోర్ రన్నింగ్ బ్యాక్ జేకే డాబిన్స్ మోకాలు ప్రీసీజన్ (సీజన్ ముందు సన్నాహక ఆటలు) ఆఖరి ఆటలో పోయింది, అప్పటికే డ్రాఫ్ట్ అయిపోయిన లీగులవాళ్లు నోరు తెరుచుకుని చూశారు. అసలు టీములు సీజన్ ముందు ఆటగాళ్లని 53 మందికి కుదించుకున్నాక ఎవరు గాయాల జాబితాలో ఉన్నారో చాలావరకు తేలిపోతుంది. లాంగ్ వీకెండ్‌కి అందరూ ఊళ్లెళతారు, కొన్నేళ్లు చవితి పూజ కూడా అడ్డొస్తుంది అంటారు. సరే, లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) మర్నాడు మంగళవారం రాత్రి పిల్లలు పడుకున్నాక పెట్టుకోండి. మామూలుగా గురువారం దాకా మొదటి ఆట ఉండదు.