సొరచేపకి ఆడిట్ అబ్జెక్షన్

మా బాబాయి సబ్ ట్రెజరీలో ముప్పై మూడేళ్ళు బిల్లులు పాస్ చేసి, అంతకంటే ఎక్కువ బిల్లులు వెనక్కి పంపి రిటైరైన మనిషి. మోకాలి ఆపరేషన్ తర్వాత ఎక్కువ తిరగొద్దని డాక్టరు చెప్పడంతో, మధ్యాహ్నం పూట టీవీలో వచ్చే డబ్బింగ్ సినిమాలకి అతుక్కుపోయాడు. కొండచిలువ, మొసలి, సొరచేప, ఏనుగంత సాలెపురుగు... ఏదీ వదల్లేదు. నాలుగో రోజు నన్ను పిలిచి, "ఒరేయ్, ఆ మొసలి లారీని గుద్దింది చూశావా? ఒకే బిల్లు రెండుసార్లు పెట్టారు" అన్నాడు.

నేను గమనించలేదు. అదృష్టం బాగుండి మర్నాడు అదే సినిమా మళ్ళీ వేశారు. ఈసారి కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చున్నాను. మొదటిసారి మొసలి ఎడమ నుంచి వచ్చి లారీని గుద్దింది. అరగంట తర్వాత కుడి నుంచి వచ్చి "ఇంకో" లారీని గుద్దింది. రెండో లారీ మీద నంబరు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. అంటే షాటు ఒకటే, బొమ్మని తిప్పి వేశారంతే. పారిపోతున్న జనంలో ఆకుపచ్చ చొక్కా మనిషి రెండుసార్లు చచ్చిపోయాడు. బాబాయి కళ్ళజోడు సర్దుకుని, "డబుల్ పేమెంట్" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఒకరకమైన గౌరవం ఉంది.

ఆ గౌరవాన్నే ఇక్కడ సమర్థించదలుచుకున్నాను. చవకబారు గ్రాఫిక్స్ అని, అట్టముక్క మొసళ్ళని మేధావులు ఈ సినిమాల్ని చూసి నవ్వుతారు. నవ్వేవాళ్ళెవరూ ఇంటి ఖర్చు రాసినవాళ్ళు కాదని నా గట్టి అనుమానం. లెక్కలు తెర మీదే పెట్టి చూపించే సినిమాలు ప్రపంచంలో ఇవి మాత్రమే. మృగం తెర మీద ఉన్నంతసేపూ ఆటో మీటరులా ఖర్చు తిరుగుతూనే ఉంటుంది. మనుషులు మాట్లాడుకుంటే మీటరు ఆగుతుంది. అందుకే మాట్లాడతారు. విడాకులు తీసుకున్న సైంటిస్టు మాట్లాడతాడు. ఆయన మాట వినని మేయరు మాట్లాడతాడు. సైన్యం దారిలో ఉందని గోడకున్న మ్యాపు ముందు నిలబడి జనరల్ గారు మాట్లాడతారు. ఆ సైన్యం సినిమా అయిపోయేదాకా దారిలోనే ఉంటుంది. సైంటిస్టు ల్యాబులో ఒక ల్యాప్‌టాపు, ఒక గాజు గొట్టంలో నీలం నీళ్ళు. ఆ నీలం నీళ్ళని బాబాయి మూడు సినిమాల్లో గుర్తుపట్టాడు. ఆయన లెక్కలో అది స్టాకు రిజిస్టరులో ఎక్కించిన శాశ్వత ఆస్తి.

మృగాన్ని దాచడం తప్పంటే మొదట శిక్ష పడాల్సింది 1975లో వచ్చిన 'జాస్'కి. 55 రోజుల్లో అయిపోతుందనుకున్న షూటింగు 159 రోజులు సాగింది. మర సొరచేప ఉప్పునీళ్ళలో దిగిన ప్రతిసారీ మొరాయించింది. గత్యంతరం లేక దర్శకుడు స్పీల్‌బర్గ్ చేపని దాచి, నీటి మీద పీపాలు తేలించి, సంగీతంతో నెట్టుకొచ్చాడు. చేప సరిగ్గా కనబడేసరికి గంట దాటిపోతుంది. దానికి మనం పెట్టిన పేరు కళ. డబ్బుల్లేక చేపని దాచినవాడికి మాత్రం పిసినారి అని పేరు. పేదవాడి చేప తెరమరుగున ఉండకూడదా?

ఈ పరిశ్రమకి పుట్టిల్లు అమెరికాలోని సైఫై ఛానెల్. 1992లో మొదలై, 2009లో పేరులో స్పెల్లింగు మార్చుకుంది. మన హీరోలు న్యూమరాలజీ కోసం అక్షరం కలుపుకుంటే వాళ్ళు ట్రేడ్‌మార్కు కోసం మార్చుకున్నారు, అంతే తేడా. మనిషి దోమయ్యే 'మాన్స్‌క్విటో' 2005లో ఇక్కడే వచ్చింది. సగం సొరచేప, సగం ఆక్టోపస్ అయిన 'షార్క్‌టోపస్' 2010లో వచ్చింది. ఆ పేరు ఛానెల్ వాళ్ళే ముందుగా చెబితే, రెండు రోజుల్లో సినిమా చుట్టేసిన చరిత్ర గల నిర్మాత రోజర్ కార్మన్ అంతటివాడు మొదట ఇది మరీ ఎక్కువైందని జంకాడు. తర్వాత తీశాడనుకోండి. బిడ్డ పుట్టకముందే బారసాల చెయ్యడం వీళ్ళ పద్ధతి. తప్పేముంది? టైటిల్లో చెప్పింది తెర మీద తు.చ. తప్పకుండా జరుగుతుంది. మన దగ్గర టైటిలు చూసి కథ చెప్పగలిగిన సినిమా ఈ మధ్య వచ్చిందా?

ది అసైలమ్ అనే కంపెనీ ఇంకో మెట్టు ఎక్కింది. 2007లో 'ట్రాన్స్‌ఫార్మర్స్' రాబోతోందనగా వారం ముందు 'ట్రాన్స్‌మార్ఫర్స్' విడుదల చేసింది. బస్టాండులో అమ్మే నీళ్ళ సీసా మీద ఒక అక్షరం తేడాని చూసీచూడనట్టు కొని తాగే మనం దీన్ని పెద్ద నేరంగా చూడటం బాగుండదు. 2009లో వీళ్ళ 'మెగా షార్క్ వెర్సస్ జెయింట్ ఆక్టోపస్'లో సొరచేప సముద్రంలోంచి ఎగిరి మబ్బుల్లో పోతున్న ప్రయాణికుల విమానాన్ని నోట కరుచుకుంటుంది. ఆ సీను చూసి మేమందరం నవ్వుతుంటే, చిక్కుడుకాయలు తుంచుతున్న పిన్ని మాత్రం, "అంత పైకి ఎగిరిందంటే పాపం ఎంత ఆకలి మీద ఉందో" అంది. మృగానికీ ఒక మనసుంటుందని ఆ డైరెక్టరు కూడా అనుకుని ఉండడు.

ఇక 'షార్క్‌నాడో'. 2013 జూలై 11న ఆ సైఫై ఛానెల్లోనే వేశారు. సముద్రంలో లేచిన సుడిగాలి సొరచేపల్ని మోసుకొచ్చి లాస్ ఏంజిలిస్ మీద కుమ్మరిస్తుంది. ఒక దశలో నిమిషానికి ఐదు వేల ట్వీట్లు పడ్డాయి. మొదటిసారి చూసింది సుమారు 14 లక్షల మంది. వేసినదే మళ్ళీ వేస్తే జనం పెరిగారు! 2018 దాకా మొత్తం ఆరు భాగాలు తీశారు. టికెట్ రేటు పెంచుకోమని ఏ ప్రభుత్వమూ వీటి కోసం జీవో ఇవ్వలేదు. తెల్లవారుజామున బెనిఫిట్ షో లేదు, ప్రీరిలీజ్ ఈవెంటులో సొరచేప ఏడుస్తూ అభిమానులే నా ప్రాణం అనలేదు.

మాకు ఇంగ్లిష్‌లోనే దొరికింది. సొరచేపకి భాషతో పనేముంది, చూసేశాం. ఇది జరిగేపనేనా బాబాయ్ అని అడిగాను. ఆయన చాలా సీరియస్‌గా, "2022లో జగిత్యాలలో చేపల వాన పడిందని పేపర్లో రాలేదూ? మన దగ్గర చిన్న చేపలు పడ్డాయి. వాళ్ళది పెద్ద దేశం" అన్నాడు. సైన్సు మీద చర్చ అక్కడితో ముగిసింది.

క్లైమాక్సులో హీరో మోటారు రంపం పట్టుకుని, ఆకాశంలోంచి పడుతున్న సొరచేప నోట్లోకి తనే దూకుతాడు. లోపలి నుంచి పొట్ట కోసుకుని బయటికొస్తాడు. వస్తూ వస్తూ అంతకుముందు ఆ చేపే మింగిన అమ్మాయిని కూడా లాక్కొస్తాడు. పిన్ని చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది. బాబాయికి మాత్రం నచ్చలేదు. "బుద్ధున్నవాడెవడైనా ఇలాంటి వేషం ఒప్పుకుంటాడట్రా?" అన్నాడు.

నిజానికి ఆ హీరో ఇయాన్ జీరింగ్ కూడా మొదట ఒప్పుకోలేదు. అప్పుడు ఆయన భార్య రెండో బిడ్డతో గర్భిణి. నటుల యూనియన్ వాళ్ళ ఆరోగ్య బీమా నిలబడాలంటే ఏడాదికి ఇంతని సంపాదన చూపించాలి. వెళ్ళి పని చెయ్యమని ఆవిడే పంపించిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఈ సంగతి చెప్పగానే బాబాయి రిమోట్ అందుకుని టీవీ మ్యూట్ చేశాడు. ఆయన మోకాలి ఆపరేషన్ మెడికల్ బిల్లు ఏడాదిన్నరగా ఒక ఆఫీసులో ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదికి తిరుగుతోంది. ఒకసారి డిశ్చార్జి సమ్మరీలో సంతకం లేదన్నారు, ఇంకోసారి ఉన్న సంతకం సరిపోలలేదన్నారు. మొన్న మళ్ళీ ఒరిజినల్స్ అడిగారు.

తెర మీద హీరో రక్తం తుడుచుకుంటూ భార్యని కావలించుకుంటున్నాడు. బాబాయి కాసేపు అటే చూశాడు.

"సొరచేప కడుపులోంచి బయటికొచ్చాడు సరే, వాడి బిల్లు వచ్చిందట్రా?"