మందు కాదండీ, బీరే!

"నాకు మందు అలవాటు లేదండీ, బీరు మాత్రమే" అనే సాత్వికులు మన మధ్య ఎందరో ఉన్నారు. వారి చేతిలో ఎప్పుడు చూసినా స్ట్రాంగ్ బీరే. లైట్ బీరు అడిగినవాణ్ని వైన్ షాపు కుర్రాడు మజ్జిగ అడిగినవాణ్ని చూసినట్టు చూస్తాడు.

స్ట్రాంగ్ బీరు గొప్పతనం తెలియాలంటే కాస్త లెక్క రావాలి. అందులో ఆల్కహాలు 5 శాతం దాటి 8 శాతం దాకా ఉండవచ్చు. నిండా 8 ఉంటే 650 మిల్లీలీటర్ల సీసాలో 52 మిల్లీలీటర్లు. 42.8 శాతం విస్కీ రెండు లార్జ్ పెగ్గులు (ఒక్కోటి 60 మిల్లీలీటర్లు) వేసుకుంటే లోపలికి వెళ్లేది 51 చిల్లర. కాబట్టి విస్కీవాడు తాగుబోతు. అంతకంటే ఒక చుక్క ఎక్కువే పుచ్చుకున్నవాడు బార్లీ నీళ్లు తాగిన పెద్దమనిషి.

ఏ ఇంట్లో శుభకార్యం జరిగినా మేడ మీద ఒక బావగారు ఈ శాస్త్రం బోధిస్తుంటారు. మొదటి సీసా ఒంట్లో వేడికి. (ఆల్కహాలు ఒంట్లో నీటిని తోడేస్తుందన్న కబురు ఆయన దాకా రాలేదు.) రెండోది కిడ్నీలో రాళ్లు కరగడానికి. ఆయనకు రాళ్లు లేవు, ముందుజాగ్రత్త. మూడోది కూలింగ్ పోతే పాడవుతుందని, వస్తువు వృథా చేయకూడదన్న సంస్కారంతో. భోజనాలకు పిలిచేసరికి మెట్ల మీద నిలబడి, ఒక మెట్టు తక్కువ కట్టాడని మేస్త్రీని తిడుతుంటారు. "మళ్లీ తాగారా?" అని అక్కయ్య అడిగితే నొచ్చుకుంటారు. "నీ మీద ఒట్టు, మందు ముట్టలేదు. బీరే!"

బెల్జియంలో బీరు కాచే రోష్‌ఫోర్ట్ క్రైస్తవ మఠానికి ఈ జ్ఞానం అబ్బలేదు, పాపం. అక్కడి 11.3 శాతం నల్ల బీరును 330 మిల్లీలీటర్ల సీసాలో పోస్తారు. తాగేవాళ్లు ఎండుద్రాక్ష, అంజూర వాసనలు వెతుక్కుంటూ నెమ్మదిగా చప్పరిస్తారు. మనకంత తీరిక ఎక్కడిది? 2013లో స్కాట్లాండ్ నుంచి 67.5 శాతమని చెప్పుకుంటూ స్నేక్ వెనమ్ అనే బీరు వచ్చింది. బావగారి సిద్ధాంతం ప్రకారం అదీ మందు కాదు.

భోజనమయ్యాక ఆయన బండి తీస్తారు. వెనక అక్కయ్య, ముందు ట్యాంకు మీద చిన్నవాడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరమంటుంది మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను. అందులో బీరుకు మినహాయింపు లేదు. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. తాగావు, తాగానని ఒప్పుకో! ఆరు పెగ్గులకు సమానమైన సరుకు కడుపులో పోసుకుని, హెల్మెట్ కూడా లేని పసివాణ్ని ముందు కూర్చోబెట్టుకుంటావా? ఆటో డబ్బులకు అంత కక్కుర్తా? మనమేం తక్కువ తిన్నాం? తాళం లాక్కోవాల్సినవాళ్లం గేటు దాకా వెళ్లి, "మెల్లగా వెళ్లండి బావగారూ" అని సాగనంపుతాం, సిగ్గులేకుండా.