సవరణ: ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్

ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ ఊపిరితిత్తుల్లో కనిపిస్తే అందరికీ ఒకటే మందు అని ముందు పోస్టులో ఉంది. దాన్ని 'చికిత్స జబ్బు రకాన్ని బట్టి మారుతుంది' అని చదవండి.

ఈ ఫంగస్ బీజాలను మనమందరం రోజూ పీలుస్తూనే ఉంటాం, ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తులు వాటిని వదిలించుకుంటాయి. ఉబ్బసం ఉన్న కొందరిలో ఇది అలర్జీగా మారుతుంది, అప్పుడు స్టెరాయిడ్లు గానీ ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు గానీ ఇస్తారు. పాత టీబీ మిగిల్చిన గుల్లలో ఉండలా పెరిగితే, ఇబ్బందేమీ లేనివారిని కొన్నిసార్లు మందు లేకుండానే గమనిస్తూ ఉంటారు. దగ్గులో రక్తం పడితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారిలో ఇది కణజాలంలోకి చొచ్చుకుపోతుంది. అక్కడ వొరికొనజోల్ లాంటి మందు ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

ఇది మనిషి నుంచి మనిషికి అంటదు, ఇంట్లోవాళ్లు ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.